అతుకు పట్టని క్యారియర్

యాడికి,
జూలై 20.

చిన్నాయనకు ఆరీఫా సలాములు.

ఫోన్లో ఏం చెప్పినా మీకు వినపడడం లేదని మీ కూతురు రూతక్క చెప్పింది. ఆమె ఫోన్‌కే మెసేజ్ పెట్టొచ్చు గానీ, మీకంటే ముందు తనే చదువుతుంది. ఆమె చదివితే సాయంత్రానికల్లా తాడిపత్రిలో మా సలీం అన్నకు తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

మా నాయన సైకిల్ మీద బట్టల మూట కట్టుకుని ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఆ సైకిల్‌ను తాడిపత్రి షాపులో బాగుచేస్తూ చూసుకుంది మీరే. ఇప్పుడు నాకూ ఒక సైకిల్ మనిషి కావాలి. దసరా సెలవుల్లో యాడికి నుంచి మీ సోమందేపల్లె దాకా సైకిల్ మీద రావాలనుకుంటున్నాను. తాడిపత్రి, పుట్లూరు, నార్పల, బత్తలపల్లె, ధర్మవరం, పెనుకొండ. నాలుగు రోజులు. రాత్రిళ్లు నాకు తెలిసిన టీచర్లున్న బడుల ఆవరణల్లో టెంట్ వేసుకుంటాను. ముప్పై ఆరేళ్లొచ్చాయి, బడికీ ఇంటికీ మధ్య తప్ప ఎటూ పోలేదు. నాయన సెలవుల్లో అన్నను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. నేనూ వస్తానంటే ఆడపిల్లకు ఎందుకనేవాడు.

పోవాలని నిర్ణయించుకోవడం సులువే అయింది. సామాను కొనడమే నా ప్రాణం తీస్తోంది. టెంట్ తెప్పించాను. దాన్ని నిలబెట్టాలంటే పద్నాలుగు మేకులు దిగ్గొట్టాలి. మా బడి గ్రౌండ్‌లో కొడితే మూడు వంగిపోయాయి, ఒక్కటీ దిగలేదు. పొయ్యి వచ్చింది, దానికి పెట్టే గ్యాస్ డబ్బా కొరియర్‌లో పంపరట, తాడిపత్రిలో దొరకదు. రెండువైపులా వేలాడే సంచులు వచ్చాయి, తగిలించడానికి క్యారియర్ లేదు. క్యారియర్ తెప్పిస్తే, నా గేర్ల సైకిల్‌కు దాన్ని బిగించే రంధ్రాలే లేవు. షాపులో అడిగితే, "టీచరమ్మా, మీకెందుకమ్మా ఈ తిప్పలు, బస్సుల్లేవా?" అన్నాడు. వాపసు పంపినవి పోను మిగిలినవి మంచం కింద దాచాను. అమ్మ ఊడ్చేటప్పుడు చీపురు తగిలి టెంట్ కమ్మీలు గలగలమంటే, అవి సైన్సు ల్యాబ్ సామాను అని చెప్పాను.

ఏం కొనాలో, ఏం కొనకూడదో మీరే చెప్పాలి.

ఆరీఫా


సోమందేపల్లె,
ఆగస్టు 2.

అమ్మా ఆరీఫా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు తప్పకుండా రా. మీ నాయన ఉంటే వద్దనేవాడు, నేను అననులే.

కొన్నవాటిలో సగం ఆ మంచం కిందే ఉండనీ. పొయ్యి వద్దు. ఈ దారిలో ఏ ఊళ్లోనైనా పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి, రాత్రికి రెండు రొట్టెలు కట్టించుకో. టెంట్ మేకులు పారేయి. మన నేల మేకులకు లొంగేది కాదు. నాలుగు మూలలకూ తాళ్లు కట్టి, వాటి చివర తలకాయంత రాళ్లు కట్టు. రాళ్లు మోసుకుపోవాల్సిన పనిలేదు, మన జిల్లాలో వాటికి కరువు లేదు. టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబును చీల్చి పరుచు, కంపముళ్లు లోపలికి దిగవు. ట్యూబులు రెండు, పంపు ఒకటి, చైన్ లింకు ఒకటి, మంచి వెనక లైటు. లైటు దగ్గర పిసినారితనం చేయకు.

నీళ్ల గురించి జాగ్రత్తగా విను. రోజంతా మోయొద్దు. సీసాలు రెండు చాలు. ఖాళీ క్యాను ఒకటి మడిచి పెట్టుకుని, సాయంత్రం దిగబోయే ఊళ్లో నింపుకో. మొత్తం బరువు పదిహేను కిలోలు దాటకూడదు.

క్యారియర్ నేను చేసి పంపుతాను. రంధ్రాలు లేకపోతే ఏం, ఫ్రేమును పట్టుకునే పట్టీలు పెడతాను. సీటు కింద నుంచి చక్రం ఇరుసు దాకా దారంతో కొలిచి, ఆ దారం ఉత్తరంలో పెట్టు. షాపు మూసేసి ఇక్కడికి వచ్చేసినా వెల్డింగు మిషను ఇంట్లోనే ఉంది.

ఒక్క షరతు. బయలుదేరే ముందు మొత్తం సామాను వేసుకుని ఒకసారి తాడిపత్రి దాకా పోయి రా. చప్పుళ్లు విను. ఎక్కడైనా కిర్రుమంటే అక్కడ ఆగి చూడు. నా చెవులు బాగున్న రోజుల్లో సైకిల్ షాపు ముందుకు వస్తుండగానే దాని జబ్బేమిటో చెప్పేవాణ్ని.

నీ చిన్నాయన,
ఇమ్మానుయేల్


యాడికి,
సెప్టెంబర్ 8.

చిన్నాయనా,

క్యారియర్ బస్సులో వచ్చింది. పట్టీలు సరిగ్గా కూర్చున్నాయి. నల్లరంగు కూడా వేశారు, షాపులో కొన్నదానికంటే బాగుంది. సంచులు తగిలించి చూసినప్పుడు, ఈ రెండు నెలల్లో మొదటిసారి నాకు ఏడుపు రాలేదు.

మిగతా చికాకులు అలాగే ఉన్నాయి. కింద పరుచుకునే గాలి పరుపు మొదటి రాత్రే చప్పబడింది. ఎక్కడ చిల్లు పడిందో తొట్టి నీళ్లలో ముంచి వెతుకుతుంటే అమ్మ చూసింది. అంతా చెప్పేశాను. అమ్మ అరవలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నకు ఫోన్ చేసింది. అన్న వచ్చి సైకిల్ చుట్టూ తిరిగి చూసి, "రోడ్డు మీద ఏమన్నా అయితే ఎవురు పలుకుతారు?" అని అడిగాడు. నేనే పలుకుతానన్నాను. మాట పెరిగింది.

బరువుతో తిప్పి చూశాను. బాగానే ఉంది.

ఈ నెల 24న బయలుదేరతాను.

ఆరీఫా


సోమందేపల్లె,
సెప్టెంబర్ 14.

అమ్మా ఆరీఫా,

తిప్పి చూశానన్నావు. ఎంత దూరం తిప్పావో, బరువు ఎంతో రాయలేదు. తూకం వేశావా? నీ బడి పిల్లలు లెక్క ఇలా రాస్తే వదిలిపెడతావా?

27 సాయంత్రానికి ఎదురుచూస్తుంటాను. రూతు కోడి తెస్తానంటోంది.

ఇమ్మానుయేల్


యాడికి,
అక్టోబర్ 9.

చిన్నాయనా,

ఎడమచేతికి కట్టు ఉంది. కుడిచేత్తో రాస్తుంటే కాగితం కదిలిపోతోంది. అందుకే ఆలస్యమైంది. రాయబుద్ధి కాలేదు కూడా.

సలీం అన్న రూతక్కకు ఫోన్ చేసి ఏమన్నాడో నాకు తెలుసు. అతను అలా అరిచి ఉండకూడదు. కానీ జరిగింది మీకు నేను చెప్పాలి.

మొదటి రోజు తాడిపత్రి దాటే వరకూ బాగుంది. పుట్లూరుకు ముందు ఒక దిగుడు ఉంది. దాంట్లో దిగుతుంటే వెనక టక్‌మని చప్పుడైంది. క్యారియర్ ఎడమ కాలు అతుకు దగ్గర విరిగిపోయింది. సంచి చక్రంలోకి పోయింది, చక్రం బిగుసుకుపోయింది, నేను రోడ్డు మీద పడ్డాను. వెనక బండలు వేసుకుని వస్తున్న లారీ పక్కకు తిప్పుకుని నా తల పక్క నుంచే పోయింది. దాని టైర్ల వేడి నా మొహానికి తగిలింది. ఇది అమ్మకు చెప్పలేదు.

కంది చేనులో పని చేస్తున్న తిమ్మక్క అనే ఆమె వచ్చి నన్ను లేపింది. మణికట్టు వంకరపోయి ఉంటే తన కొంగు చింపి కట్టింది. "ఒక్కదానివే యాడికి పోతాండావు మా?" అని అడిగింది. సోమందేపల్లెకన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా ఆటో ఆపింది.

మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. సైకిల్ అన్న దగ్గరుంది, అమ్మేస్తానంటున్నాడు. బడిలో అందరికీ తెలిసిపోయింది. స్టాఫ్ రూమ్‌లో నేను అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతున్నాయి.

మీరు చేసిన క్యారియర్ నలభై కిలోమీటర్లు కూడా రాలేదు చిన్నాయనా. నేను మిమ్మల్ని నమ్మాను.

ఆరీఫా


సోమందేపల్లె,
అక్టోబర్ 18.

ఆరీఫాకు,

నువ్వు బతికి బయటపడ్డావు, అందుకు దేవునికి స్తోత్రం.

మీ అన్న నా కూతుర్ని ఫోన్లో అన్న మాటలు ఆమె నాకు కాగితం మీద రాసి చూపించింది. కొన్ని మాటలు రాయకుండా వదిలేసిందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. నలభై ఏళ్లు తాడిపత్రిలో షాపు నడిపాను. నా చేతి పని మీద ఎవరూ ఇలా మాట్లాడలేదు.

పదిహేను కిలోలకైతే ఆ క్యారియర్ పదేళ్లు వస్తుంది. నువ్వెంత వేశావో రాయి. అది రాయకుండా నన్ను నమ్మానని రాయడం సులువే.

చెయ్యి జాగ్రత్త.

ఇమ్మానుయేల్


యాడికి,
డిసెంబర్ 26.

చిన్నాయనా,

రెండు నెలలు మీకు రాయలేదు. కోపంతో రాయలేదని మీరు అనుకుని ఉంటారు. మొదట కోపమే. తర్వాత భయం. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు.

ఇరవై ఆరు కిలోలు.

పడ్డాక అన్న సామాన్లు తెచ్చి ఇంట్లో వేస్తే, అమ్మ లేనప్పుడు బియ్యం తూచే కాటా మీద పెట్టి చూశాను. పది లీటర్ల నీళ్లు నిండుగా తీసుకుపోయాను. మీరు వద్దన్నారు, అయినా దారిలో ఎవరినీ నీళ్లు అడగాల్సిన అవసరం రాకూడదనుకున్నాను. పొయ్యి కూడా పెట్టుకున్నాను. అంత దుడ్లు పోసి కొన్నది మంచం కింద వదిలేయడానికి మనసొప్పలేదు. గ్యాస్ లేని పొయ్యి. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఇంకొకటి. బరువుతో తిప్పి చూశానని రాశాను కదా. తిప్పలేదు. ఖాళీ సంచులు తగిలించి మా వీధి చివరి దాకా పోయి వచ్చాను. అందరూ చూస్తున్నారని అక్కడ నుంచే తిరిగి వచ్చేశాను. మీకు అబద్ధం రాశాను. పడ్డాక ఆ అబద్ధం మీదే నిలబడి మిమ్మల్ని మాటలన్నాను. అన్న మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉండి ఆపలేదు.

ఇంతటితో ఆపేయాలనుకున్నాను. కానీ ఆపలేను. కట్టు విప్పించుకోవడానికి తాడిపత్రి పోయినప్పుడు, విరిగిన క్యారియర్‌ను బండల పాలిషింగ్ షెడ్డులో వెల్డింగు చేసే మార్కండేయకు చూపించాను. మీ మీద నేరం మోపడానికి కాదు, ఎంత బరువుకు విరుగుతుందో తెలుసుకోవాలని. అతను దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "బరువు సంగతి పక్కన పెట్టక్కా. ఈ అతుకు లోపలికి పట్టలే. పైపైన కూచునుండాది. ఈ పొద్దు కాకుంటే రేపు, పది కిలోలకైనా ఇరిగేదే ఇది" అన్నాడు. కుడి కాలు కూడా చూశాడు. అదీ అంతేనట.

నేను మోసం చేశాను, నిజం. కానీ అతుకు కూడా పట్టలేదు చిన్నాయనా. రెండూ నిజమే.

మీరు దీనికి నాకు జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం చెప్పండి. నాది చేసిన రోజుల్లో ఇంకెవరికైనా క్యారియర్ చేసి ఇచ్చారా?

ఆరీఫా


సోమందేపల్లె,
జనవరి 9.

అమ్మా ఆరీఫా,

ఇచ్చాను. ఒకటి.

మా వీధిలోనే కేశవ అని ఉన్నాడు. హైవేకు అవతల నర్సరీలో మొక్కలు పెంచే పని. పోతూ పోతూ ఏడేళ్ల కూతుర్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బడిలో దింపి పోతాడు. పాప కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా క్యారియర్ కావాలంటే, నీది చేసిన వారమే, అదే పైపుతో చేసి ఇచ్చాను.

నా సంగతి చెబుతాను. రెండేళ్ల నుంచి నాకు కుడిచెయ్యి వణుకుతోంది. అన్నం తినేటప్పుడు తెలుస్తుందని రూతు ముందు గిన్నె పట్టుకుని చెంచాతో తింటాను. పైపు పలచనిది. చెయ్యి కదిలితే చిల్లు పడుతుంది. మొదటి రెండు ముక్కలకూ పడింది కూడా. అందుకని మిషన్లో కరెంటు తగ్గించి అతికాను. తగ్గిస్తే లోపలికి పట్టదని పని నేర్చుకునే పిల్లవాడికైనా తెలుసు. నాకు తెలిసీ చేశాను. పైన ఆకురాయితో నున్నగా రాసి, నల్లరంగు వేశాను. చాన్నాళ్ల తర్వాత ఒక మనిషి నన్ను పని అడిగింది. చేతకాదని చెప్పలేకపోయాను.

నీ అక్టోబర్ ఉత్తరం చదివిన రోజే నాకు కేశవ కూతురు గుర్తొచ్చింది. మరుసటి రోజు పొద్దున హైవే దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ పాప వెనక కూర్చుని కాళ్లు ఊపుకుంటూ పోయింది. ఆరీఫా బరువు ఎక్కువ వేసి ఉంటుంది, ఈ పాప ఎంత బరువులే అనుకుని ఇంటికి వచ్చాను. తర్వాత నీకు ఆ ఉత్తరం రాశాను. మూడు నెలలు అలాగే అనుకుంటూ గడిపాను. నీ అబద్ధం మీద నువ్వు నిలబడ్డానన్నావు. దాని మీద నేనూ నిలబడ్డాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. రూతును వెంటబెట్టుకుని కేశవ ఇంటికి పోయాను. అతను చెప్పేది వినపడాలంటే ఆమె నా చెవి దగ్గర గట్టిగా చెప్పాలి కదా. పానాలు నా జేబులోనే ఉన్నాయి. సైకిల్ గోడకు ఆనించి ఉంది. పాప క్యారియర్ మీద కూర్చుని జామకాయ తింటోంది.

"దిగు తల్లీ" అన్నాను. కేశవ బయటికి వచ్చి నవ్వుతూ ఏదో అడిగాడు. నేను అతని మొహం చూడకుండానే, "దీని అతుకు పట్టలే. నా చెయ్యి వణుకుతాది. ఇప్పేస్తా" అన్నాను. ఎప్పుడు తెలిసిందని అడిగాడట. అక్టోబరులోనే తెలిసిందని చెప్పాను.

అప్పుడు అతను మాట్లాడాడు. రూతు చెప్పకుండా నిలబడింది. చెప్పమని గదమాయించాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి, వీధంతా వినేలా, అతని మాటలే చెప్పింది. "మూడు నెల్లుగా నా బిడ్డను దీని మీద కూచోబెట్టుకోని లారీల మధ్యలో హైవే దాటుతాండా. రోజూ నా ఎదురుగానే తిరుగుతాండావు గదప్పా. ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

నేను జేబులోంచి పానా తీశాను.

పానాతో నట్లు విప్పబోతే చెయ్యి నిలవలేదు. కేశవే నా చేతిలోంచి పానా లాక్కుని విప్పాడు. క్యారియర్‌ను నేలకేసి కొట్టాడు. రెండో దెబ్బకే కాలు ఊడిపోయింది. పాప బెదిరి లోపలికి పరుగెత్తింది. అతను ఆ ఊడిన ముక్కను చూస్తూ అక్కడే కూలబడ్డాడు. మేం వచ్చేశాం.

వెల్డింగు మిషను అమ్మేయమని రూతుతో చెప్పాను. వైరు ఇప్పుడే కోసేశాను. ఈరోజు పొద్దున కేశవ ఎదురుపడ్డాడు, మొహం తిప్పుకుని పోయాడు. పాప నడిచి బడికి పోయింది.

నీ చెయ్యి ఎలా ఉందో రాయి. ఇంకేం అడగడానికీ నాకు మొహం లేదు.

ఇమ్మానుయేల్


ధర్మవరం దాటాక, ఒక బడి ఆవరణ,
ఫిబ్రవరి 14, సాయంత్రం.

చిన్నాయనా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు మీ చేతికే ఇస్తాను. ఇందులోవి మీకు వినపడేలా చెప్పాలంటే వీధంతా వినేలా అరవాలి. మీరు ఇప్పటికే వీధిలో చాలా విన్నారు.

మీ ఉత్తరం అందాక తాడిపత్రి పోయి సలీం అన్నకు ఇరవై ఆరు కిలోల సంగతి చెప్పాను. తిప్పి చూడలేదని కూడా. అతను "నా చేత ఆ ముసలాయన్ని తిట్టించినావు గదే" అన్నాడు. మీకు రాయమంటే రాయడం చేతకాదన్నాడు. రూతక్కకు ఫోన్ చేస్తానన్నాడు, చేశాడో లేదో తెలియదు. సైకిల్ మాత్రం ఆరోజే బయటికి తీసి నా ముందు నిలబెట్టాడు. అమ్మలేదట. అమ్మడానికి ఎవరినీ అడగను కూడా లేదట.

క్యారియర్ కొన్నాను. సీటు గొట్టానికి బిగించే రకం. తొమ్మిది కిలోలే మోస్తుందని దాని మీదే రాసి ఉంది. తొమ్మిది కిలోలకు దించడానికి నాలుగు రాత్రులు పట్టింది. పొయ్యి పోయింది, పరుపు పోయింది, రెండో దుప్పటి పోయింది. చివరకు టెంట్ పైగుడ్డ కూడా తీసేశాను, ఇప్పుడు దోమతెరలాగా ఉంది, చుక్కలు కనిపిస్తాయి. మొత్తం సామాను వేసుకుని తాడిపత్రికి పోయి వచ్చాను, రెండుసార్లు. వీధిలో అందరూ చూశారు. చూడనిచ్చాను.

సంతోషంగా వస్తున్నానని రాయాలనుంది గానీ, అలా రావడం లేదు. పుట్లూరు దిగుడు దగ్గర సైకిల్ దిగి నడిపించుకుని పోయాను. ఆ తర్వాత కూడా వెనక ఏ చిన్న చప్పుడైనా ఆగి, దిగి, చూస్తున్నాను. రెండు రోజుల్లో ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. మణికట్టు చలికి సలుపుతోంది. నార్పల దగ్గర రెండు పంచర్లు. నీళ్లు ఐదు ఊళ్లలో అడిగాను. ఒక్క చోట కూడా లేవనలేదు. ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నావని మాత్రం ఐదు చోట్లా అడిగారు.

మీ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ లారీ ఇప్పటికీ కలలో వస్తుంది. నా మీద మీకూ ఉంటుంది, ఉండాలి కూడా. అయినా వస్తున్నాను. మీరు మూడు నెలలు దాచారు. కానీ నా ఉత్తరం అందిన రోజే పోయి చెప్పారు. ఆ పని ఎంత కష్టమో అన్న ముందు నిలబడినప్పుడు నాకు తెలిసింది.

రేపు మధ్యాహ్నానికి చేరతాను. భోజనమయ్యాక ఇద్దరం కేశవ ఇంటికి పోదాం. మళ్లీ తిట్టినా తిట్టనీ. ఈ రకం క్యారియర్ బిడ్డను మోయలేదు, బిడ్డ కూర్చునే సీటు వేరే ఉంటుంది. అది ఎలాంటిదో, అతని సైకిల్‌కు ఏది పడుతుందో, ఎక్కడెక్కడ బిగించాలో మీకంటే బాగా చెప్పేవాళ్లు ఈ జిల్లాలో లేరు. మీరు చూసి చెప్పండి. నట్లు నేను బిగిస్తాను.

ఆరీఫా